కనబడకపోతే లేనట్టేనా?

భీమవరంలోనో కాకినాడలోనో తాడేపల్లిగూడెంలోనో ఇంజినీరింగ్‌లో చేరిన కుర్రాడు సి భాష నేర్చుకోవడానికి కొత్త ల్యాప్‌టాప్‌లో రెండు ఇన్‌స్టాల్ చేసుకుంటాడు. ప్రోగ్రామ్ రాయడానికి వి.ఎస్. కోడ్ ఎడిటర్, రాసినదాన్ని యంత్రం నడిపేలా మార్చడానికి జీసీసీ కంపైలర్. రెండూ సాఫీగా దిగుతాయి. ఎడిటర్‌లోని టెర్మినల్ తెరిచి జీసీసీ అని కొడతాడు. ఆ పేరుతో ఏ కమాండ్‌నూ గుర్తుపట్టలేకపోయానని ఎర్రటి అక్షరాల్లో జవాబు వస్తుంది. "ఇన్‌స్టాల్ అవ్వలేదురా" అంటాడు పక్కవాడితో. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు. మళ్లీ అవే ఎర్రక్షరాలు.

జీసీసీ మాత్రం మొదటిసారి నుంచీ ఆ డిస్కులోనే ఉంది. యంత్రం చెప్పింది "నేను వెతికిన చోట దొరకలేదు" అని. కుర్రాడు విన్నది "లేదు" అని. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో తేల్చడానికి మన తార్కికులు, మీమాంసకులు, బౌద్ధులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నారు. ఉన్న వస్తువు ఉందని కంటితో తెలుస్తుంది. లేని వస్తువు లేదని దేనితో తెలుస్తుంది? ఆ వాదం నేల మీద లేని కుండతో మొదలై, దేవుడున్నాడా లేడా అన్న దాకా వెళ్లింది. గోదావరి జిల్లాల్లో అది పోయిన శతాబ్దంలో ఒక అధ్యాపకుడి ఉద్యోగం మీదికి కూడా వచ్చింది.

ముందు యంత్రం సంగతి. కమాండ్ పేరు కొట్టగానే కంప్యూటర్ తన డిస్కంతా గాలించదు. దాని దగ్గర పాత్ అనే చిన్న జాబితా ఉంటుంది. అందులో కొన్ని ఫోల్డర్ల చిరునామాలు వరుసగా రాసి ఉంటాయి. వాటిని విండోస్‌లో సెమికోలన్, యునిక్స్ సంతతి యంత్రాల్లో కోలన్ విడదీస్తాయి. యంత్రం ఆ చిరునామాలను ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. అడిగిన పేరు మొదట ఎక్కడ దొరికితే అక్కడే ఆగి దాన్నే నడుపుతుంది. జాబితా అయిపోయే దాకా దొరక్కపోతే చేతులెత్తేస్తుంది. పాత్ లాంటి పేరూ విలువా జంటలనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్‌తో ఇవి ఇప్పటి రూపానికి వచ్చాయి. జీసీసీని తెచ్చే ఎం.ఎస్.వై.ఎస్.2 లాంటి పొట్లాలు తమ ఫోల్డర్‌ను ఈ జాబితాలో వాటంతట అవి చేర్చవు. విద్యార్థే విండోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేర్చాలి. చేర్చలేదు కాబట్టే ఎర్రక్షరాలు.

ఇక్కడ అన్నంభట్టును పిలవాలి. 17వ శతాబ్దపు ఈ తెలుగు పండితుడు రాసిన తర్కసంగ్రహం దేశమంతటా సంస్కృత విద్యార్థులకు న్యాయశాస్త్రంలో, అంటే తర్కశాస్త్రంలో, మొదటి పుస్తకం. దానికి దీపిక అనే వ్యాఖ్యానమూ ఆయనే రాసుకున్నాడు. ప్రపంచంలో ఉన్నవాటిని ఆయన ఏడు పదార్థాలుగా విభజిస్తాడు. ఏడోది అభావం. లేకపోవడం కూడా లెక్కలోకి వచ్చే ఒక పదార్థమే అన్నమాట. అది నాలుగు రకాలు. కుండ తయారు కాకముందు దాని లేమి ప్రాగభావం. పగిలిపోయాక ఉన్న లేమి ప్రధ్వంసాభావం. ఈ నేల మీద కుండ లేదన్నప్పటిది అత్యంతాభావం. కుండ వస్త్రం కాదన్నప్పటిది అన్యోన్యాభావం.

ఈ నాలుగు లేములూ కంప్యూటర్లో నాలుగు రోగాలు, వాటన్నిటికీ మందు ఒకటి కాదు. కంపైలర్ అసలే ఇన్‌స్టాల్ కాకపోతే అది ప్రాగభావం, ఇన్‌స్టాల్ చేయడమే మందు. ఎప్పుడో తీసేసినా పాత్‌లో పాత చిరునామా మిగిలిపోయి ఉంటే అది ప్రధ్వంసం, జాబితా శుభ్రం చేయాలి. కంపైలర్ డిస్కులో ఉంది, వెతికిన ఫోల్డర్లలో లేదు. అది మూడోది, చిరునామా చేరిస్తే చాలు. మన కుర్రాడు మూడో రోగానికి మొదటి రోగం మందు వాడాడు. (మూడోదాన్ని అన్నంభట్టు మూడు కాలాల్లోనూ ఉండే లేమి అన్నాడు. మరి నేల మీద ఇవాళ లేని కుండను రేపు తెచ్చి పెడితే ఆ లేమి ఎటు పోయినట్టు అని వ్యాఖ్యాతలు చాలా తగవులాడారు. ఆ తగవు ఇంకా తెగినట్టు లేదు.)

తార్కికులు పట్టుబట్టిన ఇంకో నియమం దీనికంటే విలువైనది. "లేదు" అన్న మాట ఒంటరిగా నిలబడదు. ఏది లేదో చెప్పాలి, దాన్ని ప్రతియోగి అంటారు. ఎక్కడ లేదో చెప్పాలి, దాన్ని అనుయోగి అంటారు. ప్రతియోగి, అనుయోగి రెండూ చెప్పని లేమి వాళ్ల దృష్టిలో సగం వాక్యం. టెర్మినల్ ఇచ్చిన జవాబులో ప్రతియోగి ఉంది, జీసీసీ అని. అనుయోగి లేదు. ఏయే ఫోల్డర్లలో వెతికిందో యంత్రం చెప్పలేదు, కుర్రాడు అడగలేదు. పాత్‌లో ఏముందో తెర మీదికి తెప్పించి ఒక్కసారి చదివితే అనుయోగి దొరుకుతుంది, వాక్యం పూర్తవుతుంది. అనుభవం ఉన్న ప్రోగ్రామర్ మొదట చేసే పని అదే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అన్న కమాండ్, యునిక్స్‌లో విచ్ అన్న కమాండ్ ఉన్నది కూడా ఇందుకే. ఏ పేరు ఏ చోట దొరుకుతోందో అవి చూపిస్తాయి.

ఎక్కడ అన్నది ముందే చెప్పుకునే అలవాటు గోదావరి ఒడ్డున కొత్తది కాదు. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పుకుంటారు. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం అంటూ విశ్వం నుంచి మొదలై, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెబుతారు. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. చివరికి గోత్రం, పేరు. క్రియ ఒక్క మంత్రంతో అయిపోయేదే అయినా, అది ఏ చోట, ఏ వేళ, ఎవరి చేత జరుగుతోందో ముందు నమోదు కావాలి. కొవ్వూరు గోదావరికి కుడి గట్టున ఉంది. అక్కడివాళ్లు కృష్ణా గోదావరుల మధ్య ఉన్నామని చెప్పుకుంటే భౌగోళికంగా సరిగ్గా సరిపోతుంది. 1974 నాటి రోడ్డు రైలు వంతెన దాటి రాజమండ్రిలో దిగితే అది ఎడమ గట్టు, ఆ మాట ఇక చెల్లదు. కోనసీమ మరీ చిక్కు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలాక ఆ పాయల మధ్య ఉన్న నేల అది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అని చెప్పుకునే పద్ధతి కూడా వచ్చింది. చోటు మారితే మాట మారాలన్న ఈ పట్టింపు చాదస్తం కాదు. చెప్పిన మాట ఎక్కడ చెల్లుతుందో మాటలోనే ఉండాలన్న క్రమశిక్షణ అది.

కుర్రాడికి ఎవరో చెప్పారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత్‌లో ఫోల్డర్ చేర్చాడు. ఎడిటర్‌లోకి తిరిగొచ్చి మళ్లీ జీసీసీ కొట్టాడు. దొరకలేదు. అదే ఎడిటర్‌లో కొత్త టెర్మినల్ తెరిచి కొట్టాడు. అయినా దొరకలేదు. కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఈ ఘట్టమే.

ఏ ప్రోగ్రామ్ అయినా పుట్టేటప్పుడు తనను పుట్టించిన ప్రోగ్రామ్ దగ్గర నుంచి ఎన్విరాన్‌మెంట్‌కు ఒక నకలు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత బయట ఏది మారినా ఆ నకలు మారదు. పిల్ల తన నకలును మార్చుకున్నా తల్లికి తెలియదు. పొద్దున తెరిచిన ఎడిటర్ చేతిలో పొద్దుటి పాత్ ఉంది. మధ్యాహ్నం సెట్టింగ్స్‌లో జరిగిన మార్పు దానికి అందలేదు. దాని లోపల తెరిచే ప్రతి టెర్మినల్ దాని సంతానమే కాబట్టి దానికీ పొద్దుటి పాతే వస్తుంది. ఎడిటర్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరిస్తే తప్ప కొత్త జాబితా రాదు. మ్యాక్‌లో ఇది ఇంకో వేషంలో ఎదురవుతుంది. టెర్మినల్ నుంచి ఎడిటర్‌ను తెరిస్తే షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) ఫైళ్లలో రాసుకున్న పాత్ వస్తుంది. డాక్‌లోని బొమ్మ నొక్కి తెరిస్తే ఆ షెల్ దారిలోకే రాదు కాబట్టి వ్యవస్థ ఇచ్చే పొట్టి జాబితాయే మిగులుతుంది. అందుకే వి.ఎస్. కోడ్ బొమ్మ నొక్కి తెరిచినప్పుడు తెర వెనక ఒక షెల్‌ను నడిపి, దాని ఎన్విరాన్‌మెంట్‌ను చదువుకుంటుంది. ఈమాక్స్‌లో అయితే జాబితాలే రెండు. ఎడిటర్ తాను వెతకడానికి ఎగ్జెక్ పాత్ అని ఒకటి పెట్టుకుంటుంది, తాను పుట్టించే షెల్‌కు మామూలు పాత్ ఇస్తుంది. ఒకదాంట్లో చేర్చి రెండోదాంట్లో మరిచిపోతే ఒకే తెర మీద ఒకే పేరు ఒకచోట దొరుకుతుంది, ఇంకోచోట దొరకదు.

వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఇలాంటి సందర్భానికే ఒక షరతు పెట్టారు. 7వ శతాబ్దంలో కుమారిలభట్టు శ్లోకవార్తికంలో అభావానికి ఒక ప్రకరణం కేటాయించాడు. లేమిని తెలుసుకోవడానికి కన్ను, అనుమానం (తర్కించి ఊహించడం) చాలవు, కనబడకపోవడమే ఒక ప్రత్యేక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, అని ఆయన పక్షం. దానికి అనుపలబ్ధి అని పేరు. తార్కికులు అది వేరే ప్రమాణం కాదన్నారు, ప్రత్యక్షానికి తోడు మాత్రమే అన్నారు. ఇంత పోట్లాడుకున్నా షరతు దగ్గర మాత్రం అందరూ ఒక్కటయ్యారు. కనబడకపోవడం లేమికి రుజువు కావాలంటే, ఆ వస్తువు ఉండి ఉంటే కనబడి తీరేదన్న యోగ్యత ముందు ఉండాలి. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, మనసు అక్కడ ఉండాలి. వస్తువు తప్ప చూపుకు కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉండి కూడా కనబడలేదంటే అప్పుడు లేదు. చీకటి గదిలో కుండ కనబడకపోవడం చీకటి గురించి చెబుతుంది. కుండ గురించి ఏమీ చెప్పదు. పొద్దుటి పాత్ పట్టుకున్న ఎడిటర్ ఆ చీకటి గదే.

నాలుగో అభావాన్ని, అంటే ఇది అది కాదన్న అన్యోన్యాభావాన్ని కూడా ఈ కుర్రాడు రెండో సెమిస్టర్‌లో పైథాన్ దగ్గర చూస్తాడు. విండోస్ కోసం పైథాన్ ఇన్‌స్టాలర్‌లో, పాత్‌కు చేర్చాలా అని అడిగే గడి మామూలుగా ఖాళీగా ఉంటుంది. దాన్ని గమనించకుండా ముందుకు వెళ్లి, టెర్మినల్‌లో పైథాన్ అని కొడితే ఒక్కోసారి మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. 2019 నుంచి విండోస్ 10లో ఆ పేరుతో ఒక ఉత్తుత్తి ఫైలు ఉంటోంది. దాని పని అసలు పైథాన్‌ను దుకాణంలో చూపించడమే. పేరు దొరికింది, వస్తువు అది కాదు. అంతకంటే దొంగ రోగం ఇంకొకటి ఉంది. యంత్రంలో రెండు పైథాన్లు ఉంటాయి. పిప్‌తో తెచ్చిన లైబ్రరీ ఒకదాంట్లో దిగుతుంది, ఎడిటర్‌లో రన్ బొత్తాం రెండోదాన్ని నడుపుతుంది. లైబ్రరీ లేదంటుంది ప్రోగ్రామ్. ఉంది కదా అని విద్యార్థి దిగ్భ్రమ చెందుతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు నేలల మీద నిలబడి. ఈ పైథాన్ ఆ పైథాన్ కాదని తేలాలంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌నే నీ చిరునామా ఏమిటని అడగాలి. సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్ అన్న విలువను ప్రింట్ చేయిస్తే అది చెబుతుంది.

ఇక కుండను వదిలి అసలు ప్రశ్నకు వద్దాం.

కనబడని దేవుడు లేనట్టేనా అన్నది ప్రత్యక్షమే ప్రమాణమన్న చార్వాకుల ప్రశ్న. దీనికి మిథిలకు చెందిన ఉదయనుడు 10వ శతాబ్దం చివర న్యాయకుసుమాంజలిలో జవాబు రాశాడు. కనబడనిదల్లా లేదనుకునే చార్వాకుడు ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టగానే భార్యా పిల్లలు కనబడరు కాబట్టి వాళ్లు లేరని నిశ్చయించుకుని, గుండెలు బాదుకుని ఏడవాలి. ఇంటికి తిరిగి వెళ్లే పనే ఉండకూడదు అంటాడు. ఎత్తిపొడుపు పక్కన పెడితే వాదం గట్టిదే. ఈశ్వరుడు కంటికి యోగ్యుడైన వస్తువు కాడు. యోగ్యత లేనిచోట కనబడకపోవడం లేమిని నిరూపించదు.

అయితే ఉదయనుడికి ఇక్కడ దక్కింది సగం విజయమే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "లేడని నువ్వు నిరూపించలేవు" అన్నంత మాత్రాన "ఉన్నాడు" అని తేలదు. అందుకే ఆయన ఐదో స్తబకం (అధ్యాయం) దాకా వెళ్లి, జగత్తు కార్యం కాబట్టి దానికి కర్త కావాలి అన్న మాదిరి రుజువులు విడిగా చూపించాడు. ఇంకో విచిత్రం కూడా ఉంది. అనుపలబ్ధిని అంత ప్రేమగా కాపాడిన కుమారిలుడు వేదాన్ని ప్రాణంగా నమ్మినవాడు. జగత్తును సృష్టించిన ఈశ్వరుణ్ణి మాత్రం ఒప్పుకోలేదు. కోనసీమ అగ్రహారాల్లో తైత్తిరీయ శాఖను కంఠస్థంగా నిలుపుకున్న వేదపండితుల గురించి పరిశోధకుడు డేవిడ్ నైప్ 2015లో ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. అలాంటి వేదపాఠానికి తాత్త్విక కాపలాగా నిలిచిన మీమాంసకు కర్తగా దేవుడు అవసరం కాలేదన్నది చాలామంది భక్తులకు ఈనాటికీ కొత్తగానే వినిపిస్తుంది.

చార్వాకుడు, ఉదయనుడు, కుమారిలుడు ఈ ముగ్గురి కంటే నిజాయితీగా తూచినవాడు 7వ శతాబ్దపు బౌద్ధుడు ధర్మకీర్తి అనిపిస్తుంది. చూడదగ్గ వస్తువు కనబడకపోతేనే లేదనండి అన్నాడాయన. దేశం చేత దూరమైనవి, కాలం చేత దూరమైనవి, స్వభావం చేతనే అందనివి ఉన్నాయి. వాటి విషయంలో కనబడకపోవడం సందేహానికి మాత్రమే కారణం, నిశ్చయానికి కాదు. ఉందనీ అనలేం, లేదనీ అనలేం. గుంటుపల్లి గుహల్లోనూ ఆదుర్రు స్తూపం చుట్టూ ఒకనాడు బౌద్ధులు నివసించిన ఈ ప్రాంతానికి ఆ తర్కధోరణి పరాయిది కాదు.

కాకినాడ పి.ఆర్. కళాశాల దేవుడున్నాడా అన్న ఈ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో వేదికైంది. 1904 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజి. విగ్రహారాధన వద్దన్నాడు, ఏకేశ్వరుణ్ణి గాఢంగా నమ్మాడు. అంతకుముందే 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టిన కందుకూరి వీరేశలింగానిదీ ఆ దారే. విగ్రహంలో వెతికితే దొరకలేదు కాబట్టి దేవుడే లేడని వాళ్లు అనుకోలేదు, వెతికిన చోటు సరైంది కాదనుకున్నారు. తర్వాత అదే కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు ఇంకో అడుగు వేశాడు. జనం గోరా అని పిలుచుకున్న ఆయన ఏ చోటా వెతకనక్కర్లేదని, దేవుడు లేడని బాహాటంగా చెప్పాడు. ఆ భావాల వల్లే 1933లో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో అది విజయవాడకు మారింది.

గోరా చేసిన పనుల్లో తర్కానికి అన్నిటికంటే నికరంగా నిలిచేవి ఆయన సిద్ధాంత వ్యాసాల్లో లేవు, కాపురంలో ఉన్నాయి. దయ్యాలున్నాయని జనం వదిలేసిన ఇళ్లలో ఆయన, భార్య సరస్వతి కావాలని నివసించారు. గర్భిణిగా ఉండగా సరస్వతి గ్రహణం చూసింది. ఇవి పక్కా యోగ్యానుపలబ్ధులు. ఈ ఇంట్లో దయ్యం ఉందన్నవాళ్లే, కాపురం ఉన్నవాళ్లకు అది కనబడుతుందనీ హాని చేస్తుందనీ చెబుతారు. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందన్నవాళ్లు ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఏం జరుగుతుందో స్వయంగా చెబుతారు. ప్రతియోగి, అనుయోగి, యోగ్యత మూడూ నమ్మినవాళ్లే సమకూర్చి పెట్టారు. వెలుతురున్న గది అది. ఆ గదిలోకి వెళ్లి చూసి లేదని చెప్పే హక్కు గోరా దంపతులకు పూర్తిగా ఉంది. ఏ ఉదయనుడూ దాన్ని కాదనలేడు.

అదే కొలమానంతో, ఏ నేల మీదా ప్రత్యేకంగా కనబడతానని మాట ఇవ్వని ఈశ్వరుడి విషయంలో గోరా నిశ్చయం అంత నికరంగా నిలవదు. అక్కడ ధర్మకీర్తి చెప్పిన సందేహం దగ్గరే ఆగాలి. ఆస్తికులకు ఇది గెలుపు కాదు. కనబడే హామీ ఏదీ ఇవ్వని దేవుణ్ణి ఒప్పుకున్నవాళ్లు, ఫలానా మొక్కు తీర్చుకుంటే ఫలానా రోగం తగ్గుతుందన్న మాటను ఆ దేవుడి పేరుతో చెప్పలేరు. ఆ మాట చెప్పిన క్షణాన యోగ్యత వచ్చేస్తుంది, పరీక్షా వచ్చేస్తుంది.

చిక్కంతా పరీక్ష తర్వాత యోగ్యతను మార్చేవాళ్లతోనే. రోగం తగ్గకపోతే భక్తి చాలలేదంటారు, ఇంట్లో దయ్యం కనబడకపోతే నాస్తికులకు కనబడదంటారు. ఈ పని రెండు వైపులా జరుగుతుంది. తనకు అంతుచిక్కనిది ఎదురైనప్పుడు, దానికి రేపు ఏదో ఒక కారణం దొరికే తీరుతుందని ముందే తీర్పు రాసుకునే హేతువాది చేసేదీ ఇదే. ప్రోగ్రామర్‌కు ఈ వెసులుబాటు లేదు. కంపైలర్ ఉందని వాదించేవాడు దాని పూర్తి చిరునామాను ఎడిటర్ సెట్టింగ్స్‌లో నేరుగా రాసి చూపించాలి. అప్పుడు వెతుకులాటే ఉండదు. ఆ చిరునామాలో ఫైలు ఉంటే నడుస్తుంది, లేకపోతే నడవదు. ఉదయనుడు తన శాస్త్రానికి మూలంగా పెట్టుకున్న గౌతముడి న్యాయసూత్రాల్లో, వాదంలో ఓడిపోయినట్టు లెక్కకట్టే నిగ్రహస్థానాలు 22 ఉన్నాయి. వాదం మధ్యలో ప్రతిజ్ఞను, అంటే నిరూపిస్తానన్న మాటను, మార్చేయడం ప్రతిజ్ఞాంతరం. ముందు చెప్పిన హేతువు నిలవదని తెలిశాక దానికి కొత్త విశేషణం తగిలించడం హేత్వంతరం. ఆ పట్టికలో ఆస్తికుడికి ఒక నియమం, నాస్తికుడికి ఒక నియమం అంటూ వేరుగా లేవు.